పట్టా వచ్చాక మేస్త్రీ అడ్వాన్సు ఏమైంది? పశ్చిమ పాలమూరు నుంచి ఒక కేస్ స్టడీ

నారాయణపేట, మక్తల్ మధ్య ఒక ఊళ్లో సీలింగ్ భూమి (భూపరిమితి చట్టం కింద పంచిన భూమి) పొందిన దళిత కుటుంబాల వ్యవహారం ఇది. భూహక్కుల మీద పారాలీగల్‌గా (న్యాయ సహాయ కార్యకర్తగా) పనిచేస్తూ ఈ ఫైలును మొదటినుంచీ చూస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని పక్కన పెట్టాను.

భూమి చేతికొస్తే బొంబాయి, పుణె పోవడం ఆగిపోతుందని అధికారులూ అంటారు, సంస్థలూ అంటాయి. ప్రాజెక్టు కాగితాల్లో ఆ మాట ఎప్పుడూ మొదటి పేజీలోనే ఉంటుంది. ఈ ఊళ్లో పోవడం ఆగలేదు. ఎవరు పోతున్నారు, ఏ నెలలో పోతున్నారు, ఎవరి దగ్గర డబ్బు తీసుకుని పోతున్నారు అన్నవి మాత్రం మారాయి. నా లెక్కలో అసలు ఫలితం అదే. ఎంతమంది పోయారన్న సంఖ్య ఒక్కటే చూసేవాళ్లకు అది కనిపించదు.

భూమి ఎక్కడినుంచి వచ్చింది

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్ సంస్థానాల నీడలో పెరిగిన ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఇది. భూమి కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దాని సెక్షన్ 38-ఇ కింద రక్షిత కౌలుదారులే యజమానులయ్యే దారి తర్వాత తెరుచుకుంది. అయితే ఆ రిజిస్టర్లలో పేరు ఎక్కాలంటే ముందు కౌలుదారు అయి ఉండాలి. ఎడ్లూ నాగలీ ఉన్నవాడికే కౌలు దొరుకుతుంది. దొర ఇంట్లో జీతం ఉన్న మాదిగ కుటుంబం, వెట్టి చేసిన మాల కుటుంబం ఏ కాలమ్‌లోనూ లేవు. కౌలు సంస్కరణ వాళ్ల గడప దాకా రాలేదు.

వాళ్ల వంతు 1973 సీలింగ్ చట్టంతో వచ్చింది. 1975 జనవరి 1 నుంచి అమలైన ఆ చట్టం ప్రకారం ఐదుగురున్న కుటుంబానికి తరి (నీళ్లు పారేది) అయితే నేలను బట్టి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. మిగిలింది సర్కారుకు అప్పగించాలి. ఏది అప్పగించాలో ఎంచుకునే వీలు మాత్రం భూస్వామికే ఉంది. ఈ ఊళ్లో ఆయన చెరువు కింద పొలాలు ఉంచుకుని గుట్ట వార ఉన్న రాళ్ల చెలక వదిలాడు. దాన్నే తలా ఎకరం ముప్పై గుంటలు, రెండెకరాలు చొప్పున పంచారు. కాగితాలిచ్చారు, ఫొటోలు దిగారు. హద్దులు మాత్రం చూపలేదు. ఎవరి ముక్క ఏ గెట్టు దగ్గర మొదలవుతుందో పట్టాదారుకే తెలియదు. కొందరు ఒకటి రెండేళ్లు కంది, ఆముదం వేశారు. వాన లేని ఏడు వదిలేసి పోయారు.

పోవడం వాళ్లకు కొత్త కాదు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు తట్టలు మోసింది పాలమూరు లేబరే. అంతకుముందే నిజాం ఇలాకా నుంచి బొంబాయి పోయిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలన్నారు. కామాఠీపురా పేరు అలా వచ్చిందే. భూసంస్కరణలు వచ్చేసరికే వలసకు దారులు, కూలీలను గుంపుగా తీసుకెళ్లే మేస్త్రీలు, బస్సులు అన్నీ అమరి ఉన్నాయి. భూమి ఆ ఏర్పాటు మధ్యలోకి వచ్చి పడింది.

మేస్త్రీ నోటుబుక్కు

గుంపు మేస్త్రీ పెద్ద ధనవంతుడేమీ కాదు. చాలాసార్లు అదే కులం వాడు, దూరపు చుట్టం, ఒకప్పుడు తట్ట మోసినవాడే. పైన ఉన్న గుత్తేదారు దగ్గర డబ్బు తెచ్చి ఊళ్లో అడ్వాన్సుగా పంచుతాడు. ఆలుమగలను ఒక జతగా లెక్కేస్తాడు. పంట పనులు అయిపోయి ఇంట్లో గింజలు తగ్గే వేళకు, అంటే దసరా దీపావళి మధ్య, డబ్బు చేతులు మారుతుంది. పెళ్లి అప్పు, ఆసుపత్రి అప్పు, ఎండిపోయిన బోరు అప్పు ఆ డబ్బుతో తీరతాయి. ఆ తర్వాత జత మనిషిది కాదు, మేస్త్రీది.

ఒక నోటుబుక్కులో పేజీ నేను చూశాను. పైన మొగుడి పేరు ఒక్కటే ఉంది. భార్య పని చేస్తుంది గానీ ఆమె పేరు రాయరు. కింద ఎడమ వైపు 'అడ్వాన్సు', దాని పక్కన తేదీకి బదులు 'దీపావళి'. ఆ కింద వారం వారం సంత ఖర్చు, దవాఖాన, ఊరికి పంపింది. కుడి వైపు నాగాలు, అంటే కూలి కోసే రోజులు. జ్వరమొచ్చి పడుకుంటే నాగా, ఊళ్లో చావుకు వస్తే నాగా. సిమెంటు రాక పని ఆగినా, వాన పడి గుంతలో నీళ్లు నిలిచినా నాగానే. రోజుకూలి ఎంత అన్న అంకె ఆ పేజీలో ఎక్కడా లేదు. అది చివర్లో, తిరిగొచ్చే ముందు, మేస్త్రీ నోటితో తేలుతుంది. నాగాలు పోగా, ఖర్చులు పోగా, అడ్వాన్సు తీరకపోతే మిగిలింది వచ్చే ఏటికి మోసుకెళ్తారు. వెట్టిచాకిరీని నిషేధించిన 1976 చట్టం, అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం వచ్చిన 1979 చట్టం ఈ పేజీ దాకా వచ్చిన దాఖలా నాకు కనపడలేదు.

అడ్వాన్సుకు హామీ ఏమిటి? మొదట్లో మనిషి మాటే హామీ. సీలింగ్ పట్టాలు వచ్చాక చేను హామీ అయింది. మా కేసు మొత్తం ఇక్కడే ఉంది. చేను కుదువ పెట్టి డబ్బు తీసుకుంటారు. తీరేదాకా పెట్టుకున్నవాడే దున్నుకుంటాడు. ఈ ఊళ్లో కుదువ పట్టిన పెద్దరైతు, గుంపు తీసుకెళ్లే మేస్త్రీ ఒకరికొకరు బావాబామ్మర్దులు. ఒకడు భూమి పట్టుకుంటాడు, ఇంకొకడు మనిషిని పట్టుకుంటాడు. భూమిచ్చి విడిపించామని సర్కారు అనుకుంది. కట్టేయడానికి కొత్త గుంజ దొరికిందని మేస్త్రీ అనుకున్నాడు.

పహాణీలో ఏముంది

ఫైలు చేతికొచ్చాక మొదట పాత పహాణీల (భూమి ఎవరిది, సాగు ఎవరిది అని ఏటా రాసే ఊరి రికార్డుల) నకళ్లు తీశాం. పట్టాదారు కాలమ్‌లో కొన్నిచోట్ల 'సర్కారీ' అని, కొన్నిచోట్ల ఇంకా పాత భూస్వామి పేరే ఉంది. అనుభవదారు కాలమ్‌లో కుదువ పట్టిన రైతు పేరు ఏళ్ల తరబడి నడుస్తోంది. పట్టా పొందిన మనిషి పేరు ఆ వరుసలో ఎక్కడా లేదు. ఆ మనిషి దగ్గర ఉన్నది ట్రంకుపెట్టెలో మడతలు చిరిగిన ఒక సర్టిఫికెట్ మాత్రమే.

చట్టం మా వైపే ఉంది. అసైన్డ్ భూముల (సర్కారు పేదలకు ఇచ్చిన భూముల) అన్యాక్రాంతాన్ని నిషేధించిన 1977 చట్టం (ఊళ్లో పీవోటీ అంటారు) అమ్మకాన్నే కాదు, దానాన్ని, కుదువను, కౌలును కూడా బదిలీగానే చూస్తుంది. సీలింగ్ కింద పంచిన భూమి కూడా దాని కిందికే వస్తుంది. సెక్షన్ 4 కింద తహసీల్దారు బయటివాణ్ణి తొలగించి భూమిని అసలు పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి అప్పగించవచ్చు. బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెడితే మాత్రం తప్పు కాదు. ఆ మినహాయింపు చిన్నగా కనిపిస్తుంది గానీ మా కేసుకు అదే ఆయువుపట్టు అయింది.

పిటిషన్లు వేశాం. నోటీసులు వెళ్లాయి, విచారణలు వాయిదా పడ్డాయి, ఒక అధికారి బదిలీ అయితే మళ్లీ మొదటికొచ్చింది. ఆ భాగం అందరికీ తెలిసిందే, దాని మీద కాగితం ఖర్చు చేయను.

సర్వే రోజు గురించి మాత్రం చెప్పాలి. సర్వేయరు టిప్పన్ (పాత సర్వే కొలతల పటం) పట్టుకొచ్చాడు. గొలుసు వేయాలంటే ఒక పాత హద్దు రాయి కావాలి. చెలకంతా రాళ్లే, హద్దు రాయి ఏదని? వాడలో వయసులో ఉన్నవాళ్లంతా పుణెలో ఉన్నారు. ఒక ముసలామె వచ్చి, గుట్ట వాలులో నేలలో సగం కూరుకుపోయిన రాయి చూపించి, 'పట్టాలిచ్చిన నాడు నా మొగడు దీని మీదనే కూసున్నడు సారూ' అంది. తవ్వి చూస్తే పైన గాడి గీత ఉంది. అక్కడినుంచి కొలిస్తే మిగతావన్నీ సరిపోయాయి. ఆమె ఆ ఊళ్లో ఉండబట్టి సరిపోయాయి. ఆమె ఎందుకు ఉంది? కొడుకు, కోడలు పుణె పోతూ ఆమెను చేను మీద కాపలా పెట్టి పోయారు. 'అందరం పోతే చేను ఉంటదా?' అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న వల్ల తర్వాత మా పని పద్ధతే మారింది.

ఎందుకంటే హక్కు గట్టిగా లేని భూమి మనిషిని ఊళ్లో కట్టేస్తుంది, ఆ మనిషికి లాభం లేకుండానే. ఎవరో ఒకరు అక్కడ కనపడుతూ ఉండాలి. లేకపోతే పక్కవాడు గెట్టు జరుపుతాడు, పహాణీలో పేరు మారుతుంది. అసైన్డ్ పట్టాలో సాగు చేయకుండా వదిలేస్తే రద్దు చేయవచ్చన్న షరతు వేరే ఉంది. పోనీ కౌలుకిచ్చి పోదామంటే అదీ చట్టం ఒప్పుకోదు. అందుకే ప్రతి ఇంటి నుంచీ పూర్తి కుటుంబం పోదు. ముసలివాళ్లో, చదువు మానేసిన ఒక ఆడపిల్లో ఉండిపోతారు.

మెక్సికోలోనూ ఇలాంటిదే ఉండేది. అక్కడి ఎహీదో (ఊరి ఉమ్మడి) భూముల్లో సాగు వదిలితే హక్కు పోయేది. 1993 నుంచి 2006 దాకా ప్రొసెదే అనే కార్యక్రమం కింద సర్టిఫికెట్లు ఇచ్చి ఆ భయం తీసేశారు. సర్టిఫికెట్ అందిన ఇళ్ల నుంచి ఎవరో ఒకరు వలస పోయే అవకాశం 28 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు తేల్చారు. హక్కు గట్టిపడితే వలస పెరగవచ్చు కూడా! అది హక్కు విఫలమైనట్టు కాదు. అప్పటిదాకా కాపలాగా ఆగిపోయిన మనిషికి కదిలే వీలు దొరికినట్టు.

మూడు ఇళ్లు

భూమి తిరిగి చేతికొచ్చిన కుటుంబాల్లో మూడింటి గురించి చెబుతాను. మూడింటి చేలూ ఒకే సర్వే నంబరులో ఉన్నవే.

మొదటి ఇంటి చేను గుట్ట నీరు దిగే వాలులో ఉంది. అసైన్డ్ భూములున్న కొన్ని కుటుంబాలకు కలిపి ఇందిర జలప్రభ (ఎస్సీ, ఎస్టీల భూములకు బోర్లు వేసిన సర్కారు పథకం) కింద బోరు పడింది. అంతకుముందే ఉపాధి హామీలో ముళ్లచెట్లు కొట్టించి, రాళ్లు ఏరి గట్లు పోయించాం. ఎస్సీ, ఎస్టీల సొంత భూముల్లో ఉపాధి పనులు చేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉండేది. బోరు పడ్డాక పాస్‌బుక్ పెట్టి బ్యాంకులో పంట రుణం తీసుకున్నారు. ఆ ఏడు దీపావళికి మేస్త్రీ వచ్చాడు. ఇంటాయన అడ్వాన్సు తీసుకోలేదు. తర్వాత ఎండాకాలంలో, పొలంలో పని లేని రోజుల్లో, హైదరాబాద్ పోయి సెంట్రింగ్ పని చేసుకుని వానలకు తిరిగొచ్చాడు. రోజుకూలి ఏ వారానికి ఆ వారం చేతికి. జత పోవడం ఆగింది, ఒక్కడే పోతున్నాడు. పిల్లలు బడిలో ఉన్నారు. వలస లెక్కల్లో ఈ ఇల్లు ఇంకా 'వలస కుటుంబం' కిందే పడుతుంది.

రెండో ఇంటి చేను పైన, రాతి పొర మీద ఉంది. అక్కడ బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కంది వేస్తే వాన ఉన్న ఏడు పండుతుంది. పట్టా చేతికొచ్చి, హద్దు రాళ్లు పాతాక, ఈ ఇంట్లో అందరూ పుణె పోయారు, ఆ ముసలామెతో సహా. సర్వే రోజు రాయి చూపిన ఆమె ఇల్లు ఇదే. చేను అన్నదమ్ముల్లో ఒకరికి నోటిమాటగా ఇచ్చి పోయారు, గుత్త తీసుకుంటున్నారు. చట్టం దృష్టిలో ఇది తప్పే అని నాకు తెలుసు. ఫైల్లో రాయలేదు. సర్కారు లెక్కలో మా పని ఈ ఇంటి విషయంలో ఓడిపోయినట్టు. ఆ ఇంటివాళ్లు అలా అనుకోవడం లేదు. వాళ్లిప్పుడు మేస్త్రీ కింద లేరు, అడ్డా మీద సొంతంగా పని చూసుకుంటున్నారు. ఏదైనా జరిగితే తిరిగొచ్చేందుకు ఒక చోటుంది. భూసంస్కరణ చేయాల్సిన పని ఇదేనా అని ఎవరైనా అడిగితే, ఇదీ ఒకటి అంటాను.

మూడో ఇల్లు విధవరాలిది. పట్టా మామ పేరు మీద ఉంది. మామ పోయాడు. ముగ్గురు కొడుకుల్లో ఈమె భర్త పోయాడు, ఒకరు పుణెలో, ఒకరు హైదరాబాద్‌లో. విరాసత్ (వారసుల పేరుకు మార్పు) కావాలంటే వారసులంతా ఒప్పుకోవాలి, సంతకాలు పెట్టాలి. ధరణి (2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్) రోజుల్లో స్లాటు బుక్ చేసి, తహసీల్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేయాలి. పుణెలో ఉన్న మరిది అడ్వాన్సు కింద ఉన్నాడు. అతను వస్తే నాగా, వచ్చి రెండు రోజులు తిరిగితే ఇంకా నాగాలు, దారి ఖర్చు వేరే. రాడు. విరాసత్ కాదు. పాస్‌బుక్ రాదు. పాస్‌బుక్ లేనిదే పంట రుణం లేదు, రైతుబంధు (ఎకరాల లెక్కన పట్టాదారుకు సర్కారు ఇచ్చిన పెట్టుబడి సాయం) కూడా లేదు. కాబట్టి ఈమె పెద్దకొడుకు కూడా అడ్వాన్సు తీసుకుంటాడు. ఒకే ఇంట్లో వలస వల్ల హక్కు ఆగింది, హక్కు ఆగడం వల్ల ఇంకొకరు వలస పోయారు.

వలస వల్ల పోయిన హక్కులు

భూసంస్కరణ వలసను ఏం చేసిందని అందరూ అడుగుతారు. వలస భూసంస్కరణను ఏం చేసిందన్నది అడిగేవాళ్లు తక్కువ. దానికి 2017 చాలు. ఆ ఏడు సెప్టెంబర్ 15న రాష్ట్రమంతా భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టారు. డిసెంబర్ చివరికి ముగించాలన్నది లక్ష్యం. ఇంటింటికీ, చేను చేనుకూ వెళ్లి ఎవరిది ఏదో తేల్చాలి, ఆధార్ జత చేయాలి. వివాదం లేనివి పార్ట్-ఏలో, ఉన్నవి పార్ట్-బిలో పెట్టారు. ఆ ఏడు దసరా సెప్టెంబర్ 30న వచ్చింది, మర్నాడే, అక్టోబర్ 1న, పీర్ల పండగ (మొహర్రం) వచ్చింది. పాలమూరు పల్లెల్లో పీర్ల పండగకు ఎక్కడున్నవాళ్లయినా వస్తారు. ఆ వారం ఊరంతా ఊళ్లోనే ఉంది. రెవెన్యూ బృందం ఈ ఊరికి వచ్చేసరికి దీపావళి దాటింది. వాడ ఖాళీ. ఆధార్ ఇవ్వడానికి మనిషి లేడు, 'ఇది నాది' అని చెప్పడానికి నోరు లేదు. కొన్ని ఖాతాలు పార్ట్-బికి పోయాయి. 2018 మేలో ఎకరానికి నాలుగు వేలతో రైతుబంధు మొదలైనప్పుడు ఆ ఖాతాలకు చెక్కు రాలేదు. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చినప్పుడు ఆ ఖాతాలు అందులో కనిపించనే లేదు.

ఎన్నికలొస్తే బొంబాయికి, పుణెకు బస్సులు పెట్టి మరీ ఓటర్లను పిలిపిస్తారు. రికార్డుల సవరణకు ఒక్క బస్సు రాలేదు.

కౌలుదారు సంగతి

ఈ కేసులో భూమి దక్కని వాళ్లు కూడా ఉన్నారు. సీలింగ్ లిస్టులో పేరు లేని కుటుంబాలు ఊళ్లో పొలాలు కౌలుకు చేస్తాయి. 1950 చట్టం కౌలుదారును రక్షించాలని వచ్చింది. ఆ రక్షణకు భయపడే యజమాని ఇప్పటికీ కాగితం రాయడు. రెండు మూడేళ్లకోసారి కౌలుదారును మారుస్తాడు, హక్కు పుడుతుందేమోనని. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు. ఈ ఊళ్లో ఆ కార్డు పట్టుకుని బ్యాంకు గడప ఎక్కి రుణం తెచ్చిన కౌలుదారు నాకు కనపడలేదు.

రైతుబంధు వచ్చాక పరిస్థితి ఇంకొంచెం బిగిసింది. డబ్బు పట్టాదారుకు వచ్చేది, సాగు చేసేవాడికి వచ్చేది కాదు. హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుకు భూమి అట్టిపెట్టుకోవడం లాభమైంది, అమ్మకానికి ఉన్న ముక్కలు తగ్గాయి. కౌలు మాత్రం తగ్గలేదు. భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు అందిన ఊళ్లలో కౌలు ఇంకా పెరిగింది. నీళ్లొస్తే వలస తగ్గుతుందన్నది నిజమే, నీటి కింద భూమి ఉన్నవాడికి. అదే ఊళ్లో కౌలు మోయలేక సాగు మానేసిన మనిషి బస్సెక్కుతాడు. అతను దిగే చోట ఇళ్లు కడతాడు. ఇక్కడ అతను మానేసిన మడిలో నాట్లు వేయడానికి బిహార్, బెంగాల్ నుంచి గుంపులు దిగుతాయి. పొలం గట్టు మీద హిందీలో బేరం జరగడం ఇప్పుడు పాలమూరులో వింత కాదు. వాళ్లకూ ఒక మేస్త్రీ ఉంటాడు, అతని చేతిలో కూడా నోటుబుక్కు ఉంటుంది.

గుంటల లెక్క గురించి ఒక మాట. 2025 జనవరి 26న మొదలుపెట్టిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 ఇస్తామన్నారు. దానికి రెండు షరతులు: భూమి ఉండకూడదు, అంతకుముందు ఏడాది ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. పది గుంటల పట్టా ఉన్న కుటుంబానికి రైతుభరోసా (రైతుబంధు స్థానంలో వచ్చిన పథకం) కింద సీజనుకు 1,500 వస్తుంది, అంటే ఏడాదికి 3,000. ఆ పది గుంటల వల్ల 12,000 పోతుంది. ఇక పుణెలో ఉన్న భూమిలేని జతకు ఊళ్లో 20 రోజుల హాజరు ఎక్కడినుంచి వస్తుంది? భూమి లేనివాళ్ల కోసం పెట్టిన పథకం, భూమి లేకపోవడం వల్లే ఊరు వదిలినవాళ్లను బయట పెట్టింది. ఈ లెక్క తయారు చేసినవాళ్లు ఒక్కసారి తెల్లవారుజామున మక్తల్ బస్టాండుకు వచ్చి నిలబడి ఉంటే బాగుండేది.

ఆడవాళ్ల పేరు

మూడో ఇంట్లో పట్టా మొదటినుంచీ మామ, అత్తల పేర ఉమ్మడిగా ఉండి ఉంటే, కోడలి దారి కొంత సులువయ్యేది. 1970లలో పంచిన భూముల్లో దాదాపు అన్నీ మగవాళ్ల పేరనే ఉన్నాయి. 2014 ఆగస్టు 15న మొదలైన మూడెకరాల పథకం దళిత స్త్రీల పేరనే భూమి ఇచ్చింది. అందులో కొన్న భూమి తక్కువ, చేరిన కుటుంబాలు తక్కువ, కానీ ఆ ఒక్క నిర్ణయం సరైంది. కారణం సిద్ధాంతం కాదు, హాజరు. మగవాడు పోతాడు, ఆడమనిషి ఉంటుంది. తహసీల్ ఆఫీసుకు, బ్యాంకుకు, సర్వేయరు వచ్చిన రోజు గెట్టు మీదకు, రాగలిగేది ఆమే. పట్టాదారు ఊళ్లో లేడు కాబట్టి ఆగిపోయిన పనులు ఈ ఫైలు నిండా ఉన్నాయి. పట్టాదారురాలు ఊళ్లో ఉంది కాబట్టి కదిలిన పనులూ ఒకటి రెండు ఉన్నాయి.

అడ్వాన్సు విషయంలో కూడా తేడా చూశాను. చేను భార్య పేరు మీద ఉంటే మేస్త్రీ దాన్ని హామీగా అడగడానికి వెనకాడతాడు. మొగుడితో బేరమాడటం అతనికి అలవాటు, భార్యతో కాదు. 'ఆమె సంతకం కావాలె గదా' అని మొగుడే తప్పించుకున్న సందర్భాలు ఉన్నాయి. అది నిజమా, సాకా అన్నది నేను అడగలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాం

ధరణి స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ధరణిలో తప్పు జరిగితే సివిల్ కోర్టు తప్ప దిక్కు లేకుండా ఉండేది. ఇందులో అప్పీలుకు దారి పెట్టారు. విరాసత్‌కు నోటీసులిచ్చి విచారణ చేసే పద్ధతి తిరిగొచ్చింది. జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టి ఊళ్లలోనే దరఖాస్తులు తీసుకున్నారు. జూన్ అంటే విత్తనాల వేళ, పోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చే నెల. ఎవరు ఆలోచించి పెట్టారో, కాకతాళీయంగా జరిగిందో గానీ 2017తో పోలిస్తే ఇది మేలు.

మా పద్ధతి ఇప్పుడు పంచాంగం చూసి నడుస్తుంది. ఉగాది తర్వాత దరఖాస్తులు, వానలకు ముందు సర్వే, పీర్ల పండగ వారంలో వాంగ్మూలాలు. దసరా లోపు పాస్‌బుక్ చేతికి రావాలి. దీపావళికి అడ్వాన్సు పంచుతారు కాబట్టి అది దాటాక వచ్చిన పాస్‌బుక్ ఆ ఏటికి పనికిరానట్టే. ఇంట్లోకి వెళ్తే ఎన్ని ఎకరాలని కాదు, ముందు అడ్వాన్సు ఎంత, ఎవరిది, చేను మీద ఉందా లేదా అని అడుగుతాం. రెండెకరాల చెలక బతుకు సాగనివ్వదు, దాని మీద బ్యాంకు ఇచ్చే రుణం మాత్రం ఒక దీపావళిని దాటిస్తుంది. తనఖా లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితిని 2025 జనవరి 1 నుంచి రెండు లక్షలకు పెంచారు. మా లెక్కలో ఈ అంకెకు సీలింగ్ చట్టంలోని అంకెలంత విలువ ఉంది. బ్యాంకు మేనేజరు ఒప్పుకుంటే.

విధవరాలి ఫైలు జూన్ సదస్సులో పెట్టాం. ఆ ఏడు పీర్ల పండగ జూలై మొదటి వారంలో వచ్చింది. పుణె మరిది ఊరికొచ్చాడు, వాంగ్మూలం ఇచ్చాడు. హైదరాబాద్ మరిది కూడా ఒక ఆదివారం వచ్చి సంతకం పెట్టి అదే రాత్రి వెళ్లిపోయాడు. ఉత్తర్వు దీపావళి లోపు రాలేదు. ఆమె పెద్దకొడుకు మళ్లీ మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. చేను రాసిస్తే అడిగినంత ఇస్తానన్నాడట మేస్త్రీ. తల్లి ఒప్పుకోలేదు, 'కాయితం ఆఫీసుల ఉన్నది, తెచ్చినంక సూద్దాం' అంది. మేస్త్రీ సగమే ఇచ్చాడు. కొడుకు ఆ సగంతో ఒక్కడే పోయాడు, కోడలు ఊళ్లోనే ఉంది.